నాలుగింటి వాన కొరకు జరిగిన సంగ్రామము

శనివారము, అపరాహ్ణము, గోడగడియారమున రెండు గంటల పది నిమిషములు. ప్రచండకిరణుడైన భానుడు ఎదుటి భవనము మీది నీళ్ళ ట్యాంకును దాటి, మూడవ అంతస్తులోని ఒక ఇంటి కిటికీగుండా లోనికి తొంగిచూచి, ఆరవేసిన పసిబట్టలను, సగము తాగి మరచిన కాఫీకప్పును, సోఫా క్రింద దూరిన గిలక్కాయను వరుసగా పరామర్శించుచున్న వేళ, ఆ గృహమున ఒక ఘోరసంగ్రామము మొదలయ్యెను. గుఱ్ఱములు లేవు, ఏనుగులు లేవు, నెత్తుటి చుక్క చిందలేదు. అయినను, వినువారలారా, ఆ రెండున్నర గంటలలో ఒక మగవాని పరువు, ఒక ఇల్లాలి ఉద్యోగము, ఒక పసిదాని నిద్ర, మూడును ఒక్కసారే పందెమున ఒడ్డబడెను. ఆ కథ చెప్పెదను. కుదురుగా కూర్చుండి వినుడు, మధ్యలో ఫోను చూచుకొనవలదు.

కథానాయకుడు లిఫ్టుల మెకానిక్కు. ఊర్ధ్వాధోగమనయంత్రచికిత్సాధురంధరుడు, రజ్జుచక్రరహస్యవేది, తొమ్మిదవ అంతస్తునకును పదవ అంతస్తునకును నడుమ చిక్కుకొని తలుపులు బాదుకొను జనులను చిరునవ్వుతో నేలకు దింపు ఆర్తజనరక్షకుడు. పండ్రెండేండ్ల వృత్తిలో అతడు చేయివేసిన యంత్రము కదలకపోవుట ఎవ్వరును చూడలేదు. అందుచేత అతనికి కొంచెము పొగరు. ఆ పొగరును ఇంట ఎవ్వరును తప్పుపట్టరైరి. మిక్సీ మొదలు తలుపు గొళ్ళెము వరకు అన్నియు అతని చలువతోనే నడచుచుండెను.

అతని ఇల్లాలు సేతునిర్మాణవిశారద. ఏ నది మీద ఏ వంతెన ఎంత బరువు మోయునో లెక్కకట్టి చెప్పు ఇంజనీరు. పాప పుట్టినది మొదలు పదునాలుగు నెలలుగా ఇంటిపట్టున ఉండిపోయిన ఆమెకు ఆనాడు సరిగా నాలుగు గంటలకు ఒక సంస్థవారితో వీడియోలో ఇంటర్వ్యూ. ఇంతకుముందు రెండు ఇంటర్వ్యూలు పాప ఏడుపునకు ఆహుతియైనవి. మొదటిదానిలో ఆమె ఆరవ నిమిషమున క్షమించమని వేడుకొని కెమెరా ఆపివేసెను. రెండవదానిలో పాపను ఒడిలో పెట్టుకొని జవాబు చెప్పబోగా, పాప కీబోర్డు మీద అరచేయి మోపి సభను తానే ముగించెను. ఇది మూడవది. ఇదియు పోయినచో ఇక ప్రయత్నింపనని ఆమె ఉదయముననే, దువ్వెన చేతబట్టి, అద్దముతో చెప్పెను. వెనుక నిలిచి చొక్కా ఇస్త్రీ చేయుచున్న భర్త ఆ మాట వినెను. వినియు విననట్లు ఇస్త్రీ సాగించెను గాని, ఆ మాట అతని గుండెలో ముల్లువలె గుచ్చుకొని అక్కడనే ఉండిపోయెను.

ఇక పాప. నిద్రాద్వేషిణి, గృహసామ్రాజ్యాధీశ్వరి, ఇంటివారిచే బుల్లి అని పిలువబడునది. జోలపాటలను తిరస్కరించినది, ఊయలను ధిక్కరించినది. పుట్టిన రెండవ నెలలో తండ్రి తన ఫోనులో వాన చప్పుడు వినిపింపగా మూడు నిమిషములలో ఒడలు మరచి నిద్రించెను. నాటినుండి వాన లేనిదే ఆమెకు నిద్ర లేదు. నిజమైన వాన పనికిరాదు. రెండు మూడుసార్లు నిజముగా కురిసినప్పుడు ఆమె లేచి కూర్చుండి కిటికీ వైపు కోపముగా చూచెను. ఆమెకు కావలసినది స్పీకరులోని వాన.

ఆ వాన కొరకే నాయకుడు నాలుగు వైర్‌లెస్ స్పీకర్లను తెచ్చి, హాలులో ఒకటి, వంటగదిలో ఒకటి, పడకగదిలో ఒకటి, చిన్నగదిలో ఒకటి నిలిపి, ఫోనులో నాలుగింటిని ఒకే జట్టుగా కట్టెను. వేలు తాకించినచో ఇల్లంతయు ముసురు పట్టెడిది. పది నెలలు నిరాటంకముగా కురిసెను. దానికి మరగిన బుల్లి ఫోనులోని పలుచని వానను ఇక వాన క్రింద లెక్కింపదాయెను. అయితే ఆనాటి తెల్లవారుజామున, ఎవ్వరును పిలువకయే, ఇంటి యంత్రములన్నింటిని నడుపు సాఫ్ట్‌వేరు తనకు తాను కొత్త రూపు దాల్చెను. మీ అనుభవము మరింత మెరుగుపడినదని ఫోను ప్రకటించెను. జట్టు చెదరిపోయెను.

ఈ సంగతి ఇంకను తెలియని ఇల్లాలు చిన్నగది నుండి తల బయటపెట్టి ఇట్లనెను.

"ఏమండీ, బుల్లిని మూడున్నరకల్లా పడుకోబెట్టేద్దాం. వాన పడకగదిలో ఒక్కచోటే రావాలి. ఈ గదిలో కూడా వస్తే వాళ్ళ మాట నాకు వినపడదు. ఒక్కసారి చూస్తారా?"

"అదెంత పని! రెండు నిమిషాలు," అని నాయకుడు మీసము మీద చేయి వేసెను.

ఫోను తెరచి చూచెను. హాలు పేరు ప్రక్కన పచ్చని చుక్క. వంటగది ప్రక్కన పచ్చని చుక్క. చిన్నగది ప్రక్కన పచ్చని చుక్క. పడకగది ప్రక్కన మాత్రము బూడిదరంగు చుక్క, దాని క్రింద 'దొరకడం లేదు' అను రెండు కఠినాక్షరపదములు. నాయకుడు పడకగదిలోనికి దూసుకొనిపోయి, మంచము ప్రక్కన బల్లపై గుండ్రముగా, నున్నగా, ఏమియు ఎరుగనట్లు కూర్చున్న స్పీకరును తేరిపార జూచి, మనసున ఇట్లు గర్జించెను:

"ఓరీ వర్తులాకారా! మౌనదంభధారీ! నిన్ను అట్టపెట్టె నుండి వెలికిదీసి, నురుగు తొడుగులు విప్పి, నా శయ్యాగృహమున నా తలగడ సరసన ఆసనమిచ్చి నిలిపితిని. దినదినము విద్యుదాహారమొసగి పోషించితిని. నేడు నా బిడ్డకై నాలుగు చినుకులడిగినచో దొరకనందువా? నిలువుము! నీ అడుగునగల మీటను పదిహేను సెకన్లు అదిమిపట్టి, నీ పూర్వస్మృతులనన్నింటిని హరింపనిచో నేను లిఫ్టుల మెకానిక్కునే కాను!"

ఇంతయు మనసున గర్జించి, పైకి మాత్రము "ఏమైంది దీనికి?" అని తల గోకుకొనెను.

అన్నంత పనియు చేసెను. స్పీకరును తలక్రిందులు చేసి మీట నొక్కిపట్టగా, నారింజరంగు దీపము వెలిగి, ఆరి, మరల వెలిగి, దాని జ్ఞాపకశక్తి సమూలముగా నశించెను. విజయోత్సాహమున ఫోను చూచెను. పడకగది దొరకడం లేదు. ఇప్పుడు వంటగది కూడ దొరకడం లేదు.

"అంటుకుంటోంది," అని నాయకుడు నోరు తెరచెను. ఒక స్పీకరు రోగము మరియొక స్పీకరునకు పాకుట అతడు ఏ యంత్రమునందును చూచియుండలేదు. వెంటనే వంటగదికి పరుగిడెను.

అక్కడ అతని అత్తగారు, అనగా ఇల్లాలి తల్లి, బుల్లిని చంక వేసుకొని పాలసీసాలు కడుగుచుండెను. కూతురు మరల ఉద్యోగమునకు పోవలెనని అందరికంటె ఎక్కువగా కోరుకొనునది ఈమెయే. అందుకొరకే పది నెలలుగా ఈ ఇంటనే ఉండి మనుమరాలిని మోయుచుండెను.

"బాబూ, ఆ స్పీకరేం పాపం చేసింది? అది పొద్దున్నుంచీ నోరు మూసుకునే ఉంది," అనెను.

"మీరు కాస్త పక్కకు జరగండి అత్తయ్యగారూ. కరెంటుతో పని," అని నాయకుడు దానిని కూడ తలక్రిందులు చేసెను. ఆమె పలికిన ఆ ఒక్క మాటను చెవిన పెట్టినచో ఈ గాథ ఇక్కడనే ముగిసియుండెడిది. చెవిన పెట్టలేదు. పండ్రెండేండ్ల అనుభవము గలవారికి చెవులు కొంచెము మందము.

దాని జ్ఞాపకములును హరించెను. ఫోనులో ఏ మార్పును లేదు. అప్పుడతడు కనుబొమలు ముడిచి, శాఖలను నరికిన లాభము లేదు, మూలమునే పట్టవలెనని నిశ్చయించి, హాలులో టీవీ వెనుక ధూళిలేని ప్రదేశమున మిణుకుమిణుకుమనుచున్న రౌటరును సమీపించి, దాని ప్లగ్గును పెరికివేసి, కన్నులు మూసి లెక్కింపసాగెను. ఒకటి, రెండు, మూడు. కరెంటు తీసిన యంత్రమును నూరు లెక్కించునంతవరకు తాకరాదన్నది అతని వృత్తిధర్మము.

ముప్పదియేడు వద్ద చిన్నగది తలుపు భళ్ళున తెరచుకొనెను.

"నెట్ పోయిందండీ! కెమెరా సరిచూసుకుంటున్నా, మధ్యలో పోయింది!"

"కంగారుపడకు. నేనే తీశా. వంద లెక్కపెట్టి పెట్టేస్తా."

"వందా? ఎందుకు?"

"లిఫ్టులకి అంతే."

"ఇది లిఫ్టా?"

అయినను అతడు నూరు పూర్తిచేసియే ప్లగ్గు పెట్టెను. రౌటరు మేల్కొని, ఆవులించి, దీపములొక్కటొక్కటే వెలిగించుకొనెను. నెట్ తిరిగి వచ్చెను. స్పీకర్లు మాత్రము రాలేదు. హాలు దొరకడం లేదు. చిన్నగది దొరకడం లేదు. రెండు నిమిషముల పనియని మొదలిడిన మహావీరుడు యాబదియైదు నిమిషములలో ఒక స్పీకరు జబ్బును నాలుగు స్పీకర్ల మూకుమ్మడి మరణముగా మార్చి, సంగ్రామభూమి నడుమ చెమటలు గ్రక్కుచు నిలిచెను.

పిమ్మట ఏడుసార్లు పడకగది స్పీకరును ఫోనుతో కలుపజూచెను. ఏడుసార్లును 'ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి' అని ఫోను మర్యాదగా తిరస్కరించెను. ఆ పొరపాటేదో చెప్పినచో దాని సొమ్మేమి పోవును? ఎనిమిదవసారికి నాయకుని అహంకారము వంగెను. పరులను సాయమడుగుట ఎరుగని ఆ చేతులు కంపెనీవారి సహాయకేంద్రమునకు ఫోను చేసెను. పదునాలుగు నిమిషములు వేణునాదము వినిపించిరి. పిమ్మట ఒక యువతి పలికెను.

"చెప్పండి సర్. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

"తొమ్మిది సార్లు చేశానమ్మా."

"సరే సర్. స్పీకర్ అడుగున ఒక నంబరుంటుంది. చివరి నాలుగంకెలు చదవండి."

"నాలుగు, ఏడు, సున్నా, రెండు."

కీబోర్డు చప్పుడు వినిపించెను. పిమ్మట చిన్న దగ్గు.

"సర్, అది వంటగది స్పీకర్ కదా."

"కాదమ్మా. నేను పడకగదిలోనే నిలబడ్డా. ఎదురుగా మంచం కనిపిస్తోంది."

"మీరు పడకగదిలోనే ఉన్నారు సర్. స్పీకరే వంటగదిది."

నాయకుడు ఆ అంకెలను మరల చదువుచుండగా, గుమ్మములో బుల్లిని జోకొట్టుచున్న అత్తగారు మెల్లగా గొంతు సవరించుకొనెను.

"అంటే బాబూ... ఆదివారం ఆదివారం నాలుగూ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి తుడుస్తున్నా కదా. అన్నీ ఒకేలా ఉంటాయి. చేతికి ఏదొస్తే అది పట్టుకెళ్ళి పెట్టేస్తున్నా."

"ఎప్పట్నుంచి అత్తయ్యగారూ?"

"మీరు చెప్పినప్పట్నుంచే. 'మెషీన్‌కి దుమ్మే శత్రువు అత్తయ్యగారూ, వారానికోసారి తుడవకపోతే పాడైపోతుంది' అని అరగంట క్లాసు తీసుకోలేదూ?"

తీసుకొనెను. వేలు చూపించి మరీ తీసుకొనెను. నలుబది ఆదివారములు ఆ నాలుగు స్పీకర్లు ఇల్లిల్లు మారు అద్దెవారివలె గదులు మారుచు తిరిగెను. నాలుగును ఒకే జట్టున ఒకే వాన కురిసినన్నాళ్ళు ఏది ఎక్కడున్నను తేడా తెలియలేదు. జట్టు చెదరగనే ఒక్కొక్కటియు తన పాత పేరుతో తాను నిలిచెను. పొద్దుటినుండి చచ్చి పడియున్నది వంటగదిలోనిది. నాయకుడు మొట్టమొదట జ్ఞాపకములు హరించినది పడకగదిలో నిక్షేపముగానున్నదానిని. పనిచోట ప్రతి తీగకును చీటీ కట్టనిదే మూత బిగింపనీయక, కుఱ్ఱ మెకానిక్కులను చీవాట్లు పెట్టు ఆ మహానుభావుడు తన ఇంట నాలుగు స్పీకర్లకు నాలుగు చీటీలు అంటింపలేదు.

"తప్పు నాదే అత్తయ్యగారూ," అనెను. ఆ మాట అనుట అతనికి కష్టమే అయ్యెను, అయినను అనెను. అత్తగారికి అల్లునిపై జాలి కలిగెను.

"పాత పేర్లన్నీ తీసేసి, మీ చేతిలో ఉన్నదాన్ని కొత్తగా పెట్టుకోండి సర్. అప్‌డేట్ కూడా దించుకుంటుంది, పావుగంట పైనే పడుతుంది," అని సహాయకేంద్రము యువతి చెప్పి సెలవు తీసుకొనెను. గడియారమున మూడు గంటల నలుబది రెండు.

పేర్లు తుడిచివేయబడెను. ఫోను తెరపై ఒక నీలిగీత చీమనడకన సాగుచుండెను. పన్నెండు శాతము. పందొమ్మిది శాతము. బుల్లికి నిద్రవేళ మించిపోయెను. మొదట ముక్కు ఎగబీల్చెను, పిమ్మట మూతి ముడిచెను, పిమ్మట మూడంతస్తులును వినునట్లు ఆర్భటించెను. అమ్మమ్మ భుజము మార్చెను, పాట మార్చెను, గది మార్చెను. ఫలము లేకపోయెను.

మూడు గంటల యాబదిరెండు. ముప్పదియెనిమిది శాతము. ఇల్లాలు గుమ్మములోనికి వచ్చి నిలిచెను. ఇస్త్రీ చొక్కా, బిగించి ముడిచిన జుట్టు, క్రిందికి మాత్రము పాలమరకల పైజామా. పాప ఏడుపు వినుచు ఆమె పెదవి కొరుకుకొనెను.

"పోనీండి. వాళ్ళకి ఫోన్ చేసి ఈరోజు కుదరదని చెప్పేస్తా. దీనికి ఇంత ఏడుపు పెట్టి నేనక్కడ కూర్చుని వంతెనల గురించి ఏం మాట్లాడతాను?"

నాయకునికి స్పీకరు మీద కోపము, సాఫ్ట్‌వేరు మీద కోపము, అన్నింటికి మించి తన మీద తనకు కోపము పొంగి వచ్చెను. ఫోనును మంచము మీద పడవేసి, పాపను అత్తగారి చేతినుండి అందుకొనెను.

"నువ్వెళ్ళు. తలుపేసుకో. వాన సంగతి నేను చూసుకుంటా."

"ఇంకా సగం కూడా కాలేదు కదండీ."

"నేను చూసుకుంటానన్నానా. వెళ్ళు."

ఆమె వెళ్ళెను. అత్తగారు పడకగది తలుపు మూసి, పరదాలు దింపగా, నాయకుడు పాప తలను భుజమునకు చేర్చుకొని, ఇటు చూచి, అటు చూచి, సిగ్గు విడిచి, నాలుకను దంతముల వెనుక నిలిపి, "ష్ష్ష్ష్..." అని వాన కురిపింపనారంభించెను.

పాప ఏడుపు ఆపెను. తల ఎత్తి తండ్రి మూతిని పరీక్షగా చూచెను. ఇదేమి వాన అని ఆమె ముఖమున ఒక గొప్ప సందేహము తాండవించెను. నాయకుడు వెరవక ధార పెంచెను. పెదవులు బిగించి కిటికీరేకు మీద పడు చినుకులను కలిపెను. గొంతు లోతునుండి దూరపు గాలిని రప్పించెను. పది నెలలుగా వినివిని ఆ వాన ఎక్కడ హెచ్చునో ఎక్కడ తగ్గునో అతనికి తెలియకయే కంఠస్థమైయుండెను. బుల్లి రెప్పలు ఒకసారి వాలెను, మరల లేచెను, మరల వాలెను. మూడు గంటల యాబదియెనిమిది నిమిషములకు ఆ చిన్ని పిడికిలి తండ్రి చొక్కాను వదలెను.

సరిగా ఆ సమయముననే మంచము మీది ఫోను వెలిగెను. అత్తగారు దానిని ఎత్తి అల్లుని కన్నుల ఎదుట పట్టుకొనెను. నూరు శాతము. 'అభినందనలు! ముగించు నొక్కితే మీ స్పీకర్ మిమ్మల్ని పలకరిస్తుంది. రెండు నిమిషాల్లో నొక్కకపోతే మొదటి నుంచి చేయాలి.'

వినువారలారా, ఆ పలకరింపు ఎట్టిదో నాయకుడు ఎరుగును. కొన్ననాడు నాలుగింటినుండియు నాలుగుసార్లు వినియుండెను. కొత్తగా కలిసిన స్పీకరు నిండు గొంతుతో బాకా ఊది, "హలో! నేను సిద్ధం!" అని కేకవేయును. ఆ కేకకు పాప లేచును. చిన్నగదిలో మొదటి ప్రశ్నకు సిద్ధమగుచున్న ఇల్లాలు ఉలిక్కిపడును. నొక్కనిచో రెండు గంటల పోరాటము గంగలో కలియును. నాయకుని బొటనవ్రేలు గాలిలో నిలిచెను. నోట వాన కురియుచుండగా మనసున అతడు ఇట్లు పలికెను:

"విజయలక్ష్మీ! చేరువకు వచ్చితివి, నీలిరంగు చీర కట్టి, నూరు శాతము నిండుదనముతో నా ఎదుట నిలిచితివి. ఏ యంత్రమునకును తలవంచని వాడనన్న కీర్తి ఒక్క వ్రేలి దూరముననే యున్నది. అయినను, తల్లీ, నీవు రావలదు. నీ గొంతు పెద్దది. మా పాప నిద్ర చిన్నది. పొమ్ము!"

బొటనవ్రేలు వెనుకకు మరలెను. తెరపై అంకెలు తరిగి తరిగి సున్నకు చేరెను. నూరు శాతము ఆవిరయ్యెను. అది మరల కేకవేయునేమోనని అత్తగారు స్పీకరు ప్లగ్గును మెల్లగా ఊడదీసెను. పండ్రెండేండ్లలో తొలిసారిగా ఆ మెకానిక్కు తన చేతికందిన మరమ్మతును తానే విడిచిపెట్టెను, వాన మాత్రము ఆపలేదు. ఒక్క ఊపిరి తీసుకొనుటకు ఆగినంతనే పాప కనుబొమలు ముడిపడుచుండెను.

పదిహేను నిమిషములకు పెదవులు మొద్దుబారెను. ఇరువదియైదు నిమిషములకు నాలుక పిడచకట్టెను. అత్తగారు గ్లాసులో గొట్టము వేసి నీరందించెను.

"మీరు తాగండి బాబూ, అంతదాకా నేను కురుస్తా," అని చెవిలో గుసగుసలాడి, ఆమెయు పాప తల దగ్గరకు వంగి వాన మొదలిడెను. ఆమె వానలో ఈల కలిసెను. పాప ఒక్కసారి కదలి, ఏమనుకొనెనో, సర్దుకొనెను.

"ఉరుము కూడా వెయ్యనా?" అని అత్తగారు ఉత్సాహముతో అడిగెను. నాయకుడు రెండు చేతులు జోడింపలేడు గావున, కన్నులతోనే వేడుకొని, వానను తిరిగి తన వశము చేసికొనెను.

నాలుగు గంటల నలుబదియేడు నిమిషములకు తలుపు వెండ్రుకవాసి తెరచుకొనెను. ఇల్లాలు మునివ్రేళ్ళ మీద లోనికి వచ్చెను. బుగ్గలు ఎఱ్ఱబడియుండెను.

"అయిపోయింది. మొత్తం అయిపోయింది. అన్నిటికీ జవాబు చెప్పా. మంగళవారం కబురు చేస్తామన్నారు," అని గుసగుసగా పలికెను. "చివర్లో పెద్దాయన అడిగాడు, మీ దగ్గర వాన గట్టిగా పడుతున్నట్టుంది, ఏం ఇబ్బంది లేదు కదా అని. ఏం లేదండీ, మా ఇంట్లో వాన ఉంటేనే పని జరుగుతుందన్నా. నవ్వాడు. మొత్తానికి స్పీకర్ బాగుచేశారన్నమాట!"

అని స్పీకరు వైపు చూచెను. దానికి దీపము లేదు. ప్లగ్గు కూడ లేదు. వాన మాత్రము కురియుచునే యున్నది. ఆమె మెల్లగా తల త్రిప్పి భర్త పెదవుల వైపు చూచెను.

"ఇంతసేపూ మీరేనా?"

అతడు తల ఊపెను, ష్ష్ అనుచునే.

"మధ్యలో రెండు నిమిషాలు నేను కూడా," అని అత్తగారు గర్వముగా చేర్చెను.

ఇల్లాలికి నవ్వు వచ్చెను, వెంటనే కన్నీరు వచ్చెను, రెండును కలిసి రాగా చొక్కా చేతితో ముఖము తుడుచుకొనెను. మహావంతెనల బరువులు కొలిచిన ఆమెకు అప్పుడు భర్త మీద కలిగిన ప్రేమను కొలుచుటకు ఏ లెక్కయు తోచలేదు. అతని ప్రక్కన కూర్చుండి, అలసిన ఆ భుజము మీద, పాప లేని వైపున, తల ఆనించెను.

కావున, వినువారలారా, స్పీకర్లు నాలుగును ఓడలేదు, నాయకుడు వాటిని గెలువలేదు. వచ్చిన విజయము వేఱు. శంఖములు పూరించి, భేరీలు మ్రోగించి, ఎనిమిది దిక్కులును దద్దరిల్లునట్లు చాటవలసిన విజయమది. పాప ఇంకను నిద్రలోనే యున్నది గనుక మెల్లగా చెప్పుచున్నాను, దగ్గరకు రండు: నలుబదితొమ్మిది నిమిషములు. ఒక్కసారియు లేవలేదు.